కూలి ఒప్పందం నుంచి వీసా దాకా: కాగితంలో మన చోటు

ఏ ఇంట్లో చూసినా కాగితాలు దాచేది ఆడవాళ్ళే. పట్టా పాసుపుస్తకం, రేషన్ కార్డు, పిల్లల మెమోలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు అన్నీ బీరువాలో చీరల కింద ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. అడిగిన వెంటనే తీసి ఇవ్వాల్సిందీ మనమే. ఇంట్లో మనిషి పని కోసం వేరే దేశం పోతుంటే మాత్రం అసలు కాగితాలన్నీ అతనితో పోతాయి. మన దగ్గర జిరాక్సులు మిగులుతాయి, ఒక్కోసారి అవీ ఉండవు.

మాది రఘునాథపల్లి. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి జనగామ జిల్లా. హైదరాబాద్ నుంచి కాజీపేట పోయే రైలు మార్గంలో జనగామ దాటాక, ఘన్‌పూర్ రాకముందు వచ్చే చిన్న స్టేషన్ మాది. మా మండలంలోనే సర్వాయి పాపన్న కోట కట్టిన ఖిలాషాపూర్ ఉంది. గల్ఫ్ అనగానే కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్ళే గుర్తొస్తాయి కానీ, మా వైపు నుంచి పోయినవాళ్ళూ ఉన్నారు. అమెరికా పోయిన పిల్లలు ఉన్నారు, దుబాయి పోయిన అన్నదమ్ములు ఉన్నారు. ఈ మధ్య ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు, "అక్కా, పోతే ఎట్లుంటది?" అని.

ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వేరే దేశంలో పని చేయడానికి చట్టం ఒప్పుకుందని చెప్పే కాగితం ఎప్పుడు పుట్టింది, ఎలా మారింది, అందులో ఆడదాని పేరు ఎక్కడ రాశారు అన్నది తెలిస్తే ఇవాళ మన ముందుకొచ్చే కాగితాన్ని కూడా సరిగ్గా చదవగలం.

వేలిముద్ర కాలం

ఇంగ్లీషు రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటలకు కూలీలు కరువయ్యారు. 1834 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందం మీద మారిషస్‌కు తీసుకుపోవడం మొదలుపెట్టారు. కోస్తాలో కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెలుగువాళ్ళు చాలామంది ఓడలెక్కారు. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల నాయుడు, రెడ్డి అనే ఇంటిపేర్లు వినిపిస్తాయి. అక్కడి తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు.

ఆ ఒప్పందం అయిదేళ్ళది. ఇంగ్లీషులో 'అగ్రిమెంట్' అన్న మాట కూలీల నోట్లో పడి 'గిర్మిట్' అయింది. అందులో కూలి ఎంత, గంటలెన్ని, తిరుగు ప్రయాణం ఎప్పుడు అన్నీ రాసే ఉండేవి. రేవులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి ముందు నిలబడి "నా ఇష్టంతోనే పోతున్నా" అని చెప్పాలి. చదువు రాని చేతులు కాబట్టి కింద వేలిముద్ర. అంటే వాళ్ళు పోయింది చట్టప్రకారమే. దొంగదారిన కాదు. అయినా ఒప్పందం మధ్యలో పని మానేస్తే జైలు, అనుమతి లేకుండా తోట దాటినా శిక్షే. చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదని ఆ తరం వాళ్ళ బతుకే చెబుతుంది.

ఇందులో ఆడవాళ్ళ సంగతి చూడండి. ఓడలో నూరుగురు మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన పెట్టారు. ఫిజీ ఓడలకు ఈ లెక్క గట్టిగా అమలు చేశారు. ఆ లెక్క ఆడవాళ్ళ మేలు కోరి పెట్టింది కాదు, తోటలో మగవాళ్ళు కుదురుగా ఉండాలని పెట్టింది. 40 మంది దొరకకపోతే ఓడ కదలదు. అందుకని దళారులు తీర్థాల్లో, సంతల్లో, రైల్వే స్టేషన్లలో ఒంటరిగా కనిపించే ఆడవాళ్ళ కోసం వెతికేవాళ్ళు. మొగుడు చనిపోయినవాళ్ళు, అత్తింటి బాధ పడలేక బయటికొచ్చినవాళ్ళు, కరువుకు ఊరు విడిచినవాళ్ళు వాళ్ళ మాట నమ్మేవాళ్ళు. ఫిజీలో రోజు పనికి మగవాడికి ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి మన కూలి మూడొంతులే అన్నమాట.

1913లో ఫిజీలో కుంతి అనే కూలీ స్త్రీ తనమీద చెయ్యి వేయబోయిన ఓవర్సీరు నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకింది. బతికి బయటపడింది. ఆమె కథ మన దేశంలో పత్రికకెక్కితే దేశమంతా అట్టుడికింది. 1917 జనవరిలో మన హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు అలహాబాద్ సభలో ఈ కూలి పద్ధతిని రద్దు చేయాలని మాట్లాడారు. స్త్రీల ప్రతినిధులు వైస్రాయిని కలిశారు. ఆ ఏడాదే కూలీలను పంపడం ఆపేశారు. 1920 జనవరి 1 నాటికి ఫిజీలో మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయ్యాయి. సముద్రం అవతల ఒక ఆడమనిషికి జరిగిన అవమానాన్ని ఇక్కడి ఆడవాళ్ళు తమదిగా తీసుకోవడం వల్ల ఒక చట్టం కూలిపోయింది. ఈ మాట మన చరిత్ర పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

మంగళసూత్రం చెల్లని దేశం

దక్షిణాఫ్రికాలో ఇంకో కష్టం వచ్చింది. ఒప్పందం ముగిశాక వెనక్కి రాకుండా అక్కడే ఉండాలనుకున్న కూలీల మీద 1895లో ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకు, 13 దాటిన ఆడపిల్లలకు కూడా ఆ పన్ను తగిలింది. కూలి చేసుకుని బతికే కుటుంబానికి అది మోయలేని బరువు. కట్టలేకపోతే మళ్ళీ ఒప్పందం రాసుకో, లేదా ఊరికి పో. "నీ పని కావాలి, నువ్వు వద్దు" అనడమే కదా ఇది!

1913 మార్చిలో కేప్ సుప్రీం కోర్టు జడ్జి సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. క్రైస్తవ పద్ధతిలో జరగని, అక్కడ రిజిస్టరు కాని పెళ్ళిళ్ళు చెల్లవన్నది దాని సారాంశం. అంటే హిందువుల, ముస్లిముల భార్యలంతా ఒక్క పూటలో చట్టం ముందు భార్యలు కాకుండా పోయారు. పిల్లలకు ఆస్తి హక్కు పోతుంది, ఇండియా నుంచి భార్యను తెచ్చుకునే వీలు పోతుంది. అప్పటిదాకా ఇల్లు దాటని ఆడవాళ్ళు ఆ తీర్పుతో రోడ్డెక్కారు. కస్తూర్బా జైలుకు పోయారు. వల్లియమ్మ అనే 16 ఏళ్ళ అమ్మాయి జైలులో జ్వరం పట్టుకుని, విడుదలయ్యాక 1914 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆడవాళ్ళు న్యూకాజిల్ బొగ్గు గనులకు పోయి కార్మికులతో మాట్లాడాక వేలమంది పని ఆపేశారు. 1914లో చట్టం మారింది. మూడు పౌండ్ల పన్ను పోయింది, మన పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది.

పరాయి దేశంలో మనిషి హోదా ఒక కాగితం మీద ఆధారపడితే, పెళ్ళి కూడా కాగితమే అవుతుంది. ఇవాళ డిపెండెంట్ వీసా కోసం మ్యారేజ్ సర్టిఫికెట్ అడిగినప్పుడు మనకు చికాకేస్తుంది. పెళ్ళి ఫొటోలు, శుభలేఖ కూడా పట్టుకుపోతాం. ఆ కాగితానికి అంత విలువ రావడం వెనక జైలుకు పోయిన ఆడవాళ్ళు ఉన్నారు.

కదలకుండానే పరాయివాళ్ళు

బర్మా కథ వేరు. అక్కడికి మేస్త్రీలు పట్టుకుపోయేవాళ్ళు. ముందు కొంత అడ్వాన్స్ ఇచ్చి, ఓడ ఛార్జీ పెట్టి, తర్వాత కూలిలో కోసుకునేవాళ్ళు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలోనే భాగం కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు. గోదావరి, విశాఖ, గంజాం వైపు నుంచి తెలుగువాళ్ళు రంగూన్ ఓడరేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే. పోయినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఆడవాళ్ళు ఊళ్ళోనే ఉండి పొలం, పిల్లలు, అత్తమామలు, మేస్త్రీ అప్పు చూసుకున్నారు. "రంగం పోయాడు" అనే మాట కోస్తా ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో వినపడిందో!

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అప్పటిదాకా సొంత దేశంలో కూలి చేసుకుంటున్నవాళ్ళు కదలకుండానే విదేశీయులయ్యారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలు దొరకని లక్షలమంది అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి మన దేశం చేరారు. దారిలో వేలమంది చనిపోయారు. మిగిలి ఉన్నవాళ్ళలో చాలామంది 1960లలో సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, ఆస్తులు వదిలి తిరిగొచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరున్న బర్మా క్యాంపు అనే పేరు అట్లా వచ్చిందే.

ఇది కోస్తావాళ్ళ కథ, మనకేం సంబంధం అనుకోకండి. నిజాం రాజ్యంలో మనకు సముద్రం లేదు. 1886లో వరంగల్ దాకా రైలు వచ్చాక మనవాళ్ళు బొంబాయి, సోలాపూర్ బట్టల మిల్లులకు పోయారు. పైగా నిజాం కాలంలో విదేశీయులే మన దగ్గరికి పనికొచ్చారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో చేరారు. హైదరాబాద్‌లోని బార్కస్ పేరు వాళ్ళుండే 'బ్యారక్స్' నుంచి వచ్చింది. నేడు మన పిల్లలు అరబ్బు దేశాలకు పోతుంటే ఈ ముచ్చట చెప్పి చూడండి, ఆశ్చర్యపోతారు.

బయటివాళ్ళు వచ్చి ఉద్యోగాలు తీసుకుంటున్నారన్న బాధ కూడా మనకు కొత్త కాదు. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం నిజాం సర్కారు ఉద్యోగానికి స్థానికుడై ఉండాలి. బయటివాడైతే 15 ఏళ్ళు ఇక్కడ నివాసం ఉండాలి. వాటిని పాటించడం లేదని 1952లో ఉద్యమం మొదలైంది కూడా మన వరంగల్‌లోనే. ఆ నిబంధనల్లో ఒక మాట నన్ను ఆపేసింది. ముల్కీ భార్య అయితే ఆమె కూడా ముల్కీ అట! పుట్టుకతో, నివాసంతో మగవాడికి హోదా వస్తే, ఆడదానికి పెళ్ళితో కూడా వస్తుంది. భర్త కాగితం కింద భార్య పేరు రాసే పద్ధతి అమెరికావాళ్ళు కనిపెట్టింది కాదని అప్పుడు అర్థమైంది.

పాస్‌పోర్టు దయ కాదు, హక్కు

1922లో వలసల చట్టం వచ్చింది. గిర్మిట్ ఘోరాలు మళ్ళీ జరగకూడదని, చదువు, నైపుణ్యం లేని కూలీలు ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు తప్ప పోకూడదన్నారు. చదువుకున్నవాడు ఎక్కడికైనా పోవచ్చు. లేనివాడికి రక్షణ పేరుతో తలుపు వేశారు. ఈ తేడా ఇప్పటికీ మన పాస్‌పోర్టుల్లో ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

స్వాతంత్య్రం వచ్చాక కూడా చాలా ఏళ్ళు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారుల ఇష్టమే. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీం కోర్టు విదేశం పోవడం మనిషి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. ఆ జూన్‌లోనే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. 1978 జనవరిలో మేనకా గాంధీ కేసు తీర్పు దాన్ని ఇంకా గట్టిపరిచింది. కారణం చెప్పకుండా, మన మాట వినకుండా పాస్‌పోర్టు గుంజుకోవడం కుదరదన్నారు.

అదే కాలంలో రెండు దారులు తెరుచుకున్నాయి. 1965లో అమెరికా వలస చట్టం మార్చి, దేశాన్ని బట్టి కాకుండా చదువు, కుటుంబ సంబంధాలను బట్టి రానిస్తామంది. వరంగల్‌లో 1959లో మొదలైన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీల నుంచి చదివి బయటికొచ్చిన ఇంజినీర్లు, డాక్టర్లకు ఆ దారి అందింది. ఆ ఇంజినీరింగ్ కాలేజీనే ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నాం. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, భవనాల పని మొదలయ్యాక రెండో దారి తెరుచుకుంది. వానల్లేక బోర్లు వేసి అప్పులపాలైన తెలంగాణ రైతు, పని తగ్గిన నేత కార్మికుడు ఆ దారి పట్టారు.

ఒకే వాడకట్టులో ఒకరి కొడుకు అమెరికా, ఇంకొకరి కొడుకు దుబాయి. ఇద్దరూ పరాయి దేశంలో పనివాళ్ళే. ఇద్దరి అనుమతీ యజమాని చేతిలోనే. అయినా ఒకరిని "ఎన్నారై" అంటాం, ఇంకొకరిని "దుబాయి పోయిండు" అంటాం.

పదో తరగతి మెమో విలువ

1983లో వచ్చిన వలసల చట్టమే నేటికీ నడుస్తోంది. దాని ప్రకారం పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందికి వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేసియా లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనూ ఉంది. గిర్మిట్ కాలం నాటి అధికారి పేరే ఇది, గమనించారా? పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ అనుమతి అక్కర్లేదు.

ఆడవాళ్ళకు ఇంకో నిబంధన ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఆ దేశాలకు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి అలాంటివాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓంక్యాప్ అలాంటివే.

మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ తలుపు ఇరుకైతే జనం కిటికీలోంచి దూకుతారు. మా పెద్దమ్మ బిడ్డ, నాకు చెల్లెలు వరస, ఎనిమిదితో చదువు ఆపింది. 28 ఏళ్ళకే మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. తెలిసిన ఒక ఏజెంటు వచ్చి "30 నిండలేదు కాబట్టి పని వీసా రాదు, విజిట్ వీసా మీద పంపిస్త, అక్కడికి పోయినంక మారుస్తరు" అన్నాడు. మహిళా సంఘంలో కొంత, మిత్తికి కొంత తెచ్చి 80 వేలు కట్టింది. ఒక దేశంలో దిగింది, అక్కడి నుంచి ఇంకో దేశానికి మార్చారు. పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గర పెట్టుకున్నాడు. పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పన్నెండు. అయిదు నెలల జీతం ఇవ్వలేదు. చివరికి మన ఎంబసీలో తలదాచుకుని, ఔట్‌పాస్ మీద 14 నెలలకు తిరిగొచ్చింది.

వచ్చాక ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే చేతిలో ఏమీ లేదు. ఒప్పందం లేదు, అనుమతి పొందినవాళ్ళ జాబితాలో పేరు లేదు, బీమా లేదు. సర్కారు లెక్కలో ఆమె చుట్టపుచూపుగా పోయొచ్చిన మనిషి! జీతం బాకీ అడగడానికి ముందు ఆమె అక్కడ పని చేసిందని రుజువు కావాలి కదా. అప్పు మాత్రం నిజంగానే ఉంది, ఇప్పటికీ బీడీలు చుట్టి కడుతోంది.

మా వాడకట్టులోనే ఇంకో తమ్ముడు కంపెనీ వీసా మీద, అనుమతి తీసుకుని పోయాడు. ఆ కంపెనీ కూడా జీతాలు ఆపింది. అతనికీ కష్టం తప్పలేదు. కానీ ఒప్పందం రికార్డులో ఉంది కాబట్టి ఎంబసీ ద్వారా లేబర్ కోర్టుకు పోగలిగాడు. టికెట్టు, బాకీలో కొంత భాగం చేతికొచ్చాయి. అతని భార్య ఒప్పందం జిరాక్సు, వీసా కాపీ, ఏజెంటు రసీదు తీసి పెట్టుకోవడం వల్ల ఇక్కడి నుంచి కూడా ఫిర్యాదు పెట్టగలిగింది. కాగితం ఉంటే కష్టం రాదని కాదు, కష్టం వచ్చినప్పుడు పోయి తట్టడానికి ఒక తలుపు ఉంటుందని.

ఆడపిల్లలను పది దాకా చదివించమని ఎన్ని కారణాలు చెప్తారో, దానికి ఇది కూడా కలుపుకోండి. ఆ ఒక్క మెమో ఉంటే ఈ ఆంక్ష చాలావరకు తొలగిపోతుంది. నర్సింగ్ చదివితే దారి ఇంకా మెరుగు. టామ్‌కామ్ జర్మనీ, జపాన్ లాంటి దేశాలకు పంపడానికి భాష కూడా నేర్పిస్తోంది.

హెచ్4 అనే కాగితం

ఇక అమెరికా వైపు చూద్దాం. హెచ్1బి వీసా 1990 చట్టంతో వచ్చింది. ఏడాదికి 65 వేలని పరిమితి పెట్టారు, కంప్యూటర్ పని ఎక్కువైనప్పుడు 2001 నుంచి 2003 దాకా 1,95,000కు పెంచారు. మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఆ రోజుల్లోనే వరసగా పోయారు. పెళ్ళిళ్ళ మాటల్లో "హెచ్1 వచ్చిందా?" అనేది "పొలం ఎంతుంది?" అనే ప్రశ్న పక్కన చేరింది. వాళ్ళ వెనక హెచ్4 మీద భార్యలు పోయారు. ఎంటెక్ చదివిన అమ్మాయి అయినా, బ్యాంకులో ఉద్యోగం మానేసి వచ్చినా, అక్కడ జీతానికి పని చేయకూడదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే, భార్య పని అనుమతి అడగవచ్చన్నారు. ఏ దేశానికీ ఏడాదిలో ఏడు శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న లెక్క వల్ల మనవాళ్ళ వరస ఏళ్ళ తరబడి కదలదు. 2025 సెప్టెంబర్‌లో బయటి దేశం నుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బి ఒక్కోదానికి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళలో నిద్ర పట్టలేదో మీకూ తెలుసు.

గల్ఫ్‌లో భార్యను తీసుకుపోవాలంటే జీతం ఒక స్థాయి దాటాలి. యూఏఈలో అది నాలుగు వేల దిర్హాములు, లేదా ఇల్లు కంపెనీ ఇస్తే మూడు వేలు. కూలి పని చేసేవాడికి అంత రాదు కాబట్టి భార్య ఊళ్ళోనే ఉంటుంది. అమెరికా పోయిన అమ్మాయి భర్త పక్కనే ఉంటుంది కానీ తన పని వదులుకుంటుంది. దుబాయి పోయినవాడి భార్య తన పని చేసుకుంటుంది కానీ భర్త పక్కన ఉండడు. రెండు ఇళ్ళకూ ఎవరో ఒక దేశం రాసిన నిబంధనే సంసారపు హద్దు గీస్తుంది.

కొన్ని మంచి మార్పులూ వచ్చాయి, చెప్పకపోతే తప్పు. కువైట్ 2015లో ఇంటిపని వాళ్ళకు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో సెలవులు ఇవ్వాలి, పాస్‌పోర్టు గుంజుకోకూడదు అని అందులో ఉంది. యజమాని ఒప్పుకుంటే తప్ప పని మారకూడదన్న నిబంధనను ఖతార్ 2020లో తీసేసింది. సౌదీ 2021లో కొన్ని రకాల పనివాళ్ళకు సడలించింది, ఇంటిపని వాళ్ళను మాత్రం అందులో చేర్చలేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి అయిదు లక్షలు ఇచ్చే పథకం 2024లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చింది.

పోయేముందు ఇంట్లో ఉండాల్సినవి

ఇంత చరిత్ర చెప్పాక పనికొచ్చే నాలుగు మాటలు చెప్పకపోతే ఎట్లా?

ఏజెంటు మన కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరు అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడవచ్చు. ఇంటర్ చదివే పిల్లలెవరైనా అయిదు నిమిషాల్లో చూసిపెడతారు. రిజిస్టరైన ఏజెంటు అయినా సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ఎంత ఇచ్చినా రసీదు అడగండి. రసీదు ఇవ్వనన్నాడంటే అక్కడే ఆగండి.

వీసా ఏ రకమో మీరే చదవండి, చదివించుకోండి. విజిట్ వీసా అంటే చూసి రావడానికి, పనికి కాదు. "ఆజాద్ వీసా" అని అమ్మేదానికి చట్టంలో ఆ పేరే లేదు. ఎవరో ఒక ఖఫీల్ పేరు మీద తీసి, వేరేచోట పని చేసుకోమనడమే అది. పట్టుబడితే తప్పు మన మనిషిదే అవుతుంది. కువైట్ అయితే 18 నంబరు వీసా కంపెనీ పనికి, 20 నంబరు ఇంటిపనికి. డ్రైవర్, కంపెనీ అని చెప్పి 20 నంబరు చేతిలో పెడితే ఇక్కడే అడగండి.

ఈసీఆర్ వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, దానిమీద పన్ను. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. నామినీగా ఎవరి పేరుందో చూడండి, మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూడండి.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, ఏజెంటు రసీదు, అక్కడి యజమాని చిరునామా, ఫోన్ నంబరు, పోయాక అకామా కాపీ. వీటన్నిటికీ ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఫోన్లో. జీతం ఎప్పుడు ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాసుకోండి. పాల లెక్క రాసినట్టే ఇదీ. ఏదైనా తేడా వస్తే మదద్ పోర్టల్లో ఇంటి దగ్గర నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు.

పోవద్దని నేను ఎవరికీ చెప్పను. పోయినవాళ్ళ వల్లే మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళకు స్లాబు పడింది, ఆడపిల్లల చదువులు సాగాయి. నూట అరవై ఏళ్ళ కింద ఓడెక్కిన ఆమె తన ఒప్పందంలో ఏముందో చదవలేక వేలిముద్ర వేసింది. మనకు చదువు వచ్చు, చదవనివాళ్ళకు చదివి వినిపించే పిల్లలు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా బయలుదేరుతుంటే, పచ్చళ్ళ డబ్బాలు, పిండివంటలు సర్దకముందే, ఆ కాగితం తెప్పించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదివించండి. అర్థంకాని మాట దగ్గర ఆపి అడగండి. విమానం టికెట్టు పైసలు కట్టకముందే ఆ చదవడం అయిపోవాలి.